ఆఖరోడికి మొదటి వంతు

రామచందర్‌ది అబిడ్స్‌ల కండ్లద్దాల దుకాణం. అయినా ఎవరడిగినా లీగ్ ప్రెసిడెంట్‌నని చెప్పుకుంటడు. ఆయన్ను ఎవరూ ఎన్నుకోలె. వాట్సాప్ గ్రూపు ఆయనే పెట్టిండు, గంతే! ఫోన్లల్ల నలుగురికి నాలుగు ఊహల క్రికెట్ టీములు. అసలు ఆటగాళ్లు గ్రౌండుల చెమటోడిస్తే వీళ్లకు పాయింట్లు. దానికి గింత దర్బారు.

ఆదివారం షటరు సగం దించి మీటింగు పెట్టిండు. బయట ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలోళ్ల బేరాలు. లోపల బావమరిది వెంకీ, పక్క దుకాణం కిషన్, నాంపల్లి బడి పంతులమ్మ ఫ్లోరా. గల్లా కాడ రామచందర్ భార్య ప్రభావతి, గీ లొల్లి ఎప్పుడొడుస్తదా అని కూసున్నది.

కొత్త సీజనుకు ఎవరి పాత టీములకెల్లి వాళ్లు ఒక్కణ్ని ఉంచుకోవచ్చు. మిగిలినోళ్లను మళ్ల వంతులవారీగ ఏరుకోవాలె. ఫ్లోరా దగ్గర కశ్యప్ ఉన్నడు. పోయినేడు ఎవ్వరూ వద్దంటే ఆఖరి వంతుల ఆమె తీస్కున్న స్పిన్నరు. అప్పుడు రామచందర్ పడీపడీ నవ్విండు. సీజనంతా ఆ పోరడు వికెట్లు కుప్పపోసేసరికి నవ్వు ఎండిపోయింది. ఇప్పుడు ఎట్లన్న చేసి వాణ్ని గుంజుకోవాలె.

"మొదటి రూలు," అని గొంతు సవరించుకున్నడు. "మొదటి వంతుల తీస్కున్నోణ్నే ఉంచుకోవాలె. ఆఖర్ల దొరికినోడు ఉత్త లక్కు. తిరిగియ్యాలె."

ఫ్లోరాకు కడుపు మండింది. "లక్కేంది అన్నా? వాని ఆట చూసి చూసి తీస్కున్న. మీరందరు నవ్విన్రు."

"రూలు రూలే చెల్లె. చేతులెత్తున్రి."

వెంకీ బావ మొఖం చూసి ఎత్తిండు. కిషన్ చాయ్ కప్పు దించకుండనే ఎత్తిండు. పెద్ద పార్లమెంటు!

"రెండో రూలు. పోయినసారి ఆఖర్ల ఉన్నోళ్లకు మొదటి వంతు. పాపం, వాళ్లు గూడ లేవాలె గద." ఎవరి మీదనో జాలిపడ్డట్టే అన్నడు మహానుభావుడు.

ఈసారి అందరికంటె ముందు ఫ్లోరా చెయ్యి లేచింది. "అయితే మొదటి వంతు నాదే."

"నీదెట్లయితది? ఆఖరు నే..." అని రామచందర్ నాలుక కరుచుకున్నడు.

నిజానికి ఆఖరొచ్చింది ఆయనే. కానీ ప్రెసిడెంటు ఆఖరొస్తె ఇజ్జత్ ఏం గావాలె? వానకు ఆగిపోయిన మ్యాచుకు తనొక్కడే పాయింట్లు కలుపుకొని, ఫ్లోరాను ఆఖరుకు తోసి మూడోప్లేసుకు ఎక్కిండు. మూడోప్లేసు కప్పు గూడ తనే కొనుక్కొని, తనే ఇచ్చుకున్నడు.

గల్లా కాడికెల్లి ప్రభావతి తలెత్తింది. "ఆఖరేంది? మూడోప్లేస్ అంటిరి గద? మా అన్నలందరికి ఫోన్లు చేసి చెప్పిన."

"చెప్పు అన్నా," ఫ్లోరా మెత్తగ అన్నది. "ఆఖరొచ్చింది నేనే అని ఒక్కమాట అను. మొదటి వంతు నీకే ఇడుస్త. కశ్యప్‌ను తీస్కపో."

రామచందర్ పెండ్లాన్ని చూసిండు, వెంకీని చూసిండు. వెంకీ నవ్వాపుకోలేక అద్దాల ఫ్రేములు సర్దుతున్నడు. ఒక్కమాట! అంటే చాలు, కశ్యప్ వచ్చి ఒళ్లె పడ్తడు. నోరు తెరిచిండు. మూసిండు. మళ్ల తెరిచిండు.

"నేను... మూడోప్లేసే."

"గట్ల చెప్పున్రి!" ప్రభావతికి పాణం కుదుటపడ్డది. "మరి ఆఖరొచ్చిందెవరు, పాపం?"

"నేనే వదినా, ఆఖరు నేనే," అని ఫ్లోరా పకపక నవ్వుకుంట మొదటి వంతుల కశ్యప్ పేరు చెప్పింది.