మెట్లు మాఫీ

రాజేశం చూపుడువేలి మీద నీలం చుక్క వారం దాటినా చెరగలేదంటే, అది సిరా గొప్పతనం కాదు. క్యాంపు ఎన్నికలకు సిరా ఎక్కడిది? స్టోర్‌లో అడిగి తెచ్చిన మార్కర్ పెన్నుతోనే అందరికీ చుక్క పెట్టారు. మిగతావాళ్లది మర్నాటికే పోయింది. రాజేశం మాత్రం ఆ వేలికి సబ్బు తగలకుండా స్నానం చేస్తూ వచ్చాడు. జగిత్యాల దగ్గర తన ఊళ్లో ఓట్లు పడ్డప్పుడల్లా అతను గల్ఫ్‌లోనే ఉన్నాడు. సర్పంచులూ ఎమ్మెల్యేలూ అతన్ని అడక్కుండానే గెలిచారు, అడక్కుండానే ఓడారు. ఇన్నాళ్లకు తన ఓటుతో ఒకడు గెలిచాడు. ఆ ముచ్చట కొన్నాళ్లు వేలి మీద ఉంటే ఎవరికేం నష్టం?

గెలిచింది తిరుమల్. ఖతార్‌లోని షహానియాలో ఒంటెల ఫారాలు దాటాక, ఇసుకలో మూడంతస్తులుగా నిలబడ్డ ఆ క్యాంపుకు అతను కొత్త ప్రెసిడెంట్. కూలీల కష్టసుఖాలు మేనేజర్‌కు చెప్పడానికి ఒక మనిషి ఉండాలని కంపెనీవాళ్లే ఎన్నిక పెట్టారు. తిరుమల్‌ది మెట్‌పల్లి వైపు, వయసు ముప్పై దాటలేదు, మాట మీద మాట అల్లగలడు. రాజేశం గదిలోనే పక్క మంచం. ఎన్నికల ముందు రాజేశం భుజం మీద చెయ్యి వేసి, గదిలో అందరికీ వినిపించేలా అన్నాడు.

"కాకా, నేను గెలిస్తే యాభై దాటినోళ్లకు మెట్లు మాఫీ!"

మాఫీ అన్న మాట మన జిల్లాలవాళ్ల చెవిలో ఎంత తియ్యగా పడుతుందో వేరే చెప్పాలా? అప్పు మాఫీ, కరెంటు బిల్లు మాఫీ విన్నారు గానీ, మెట్లు మాఫీ అన్నవాడు మాత్రం ఇతనొక్కడే. పెద్ద వయసువాళ్లందరికీ కింది అంతస్తులో గదులు ఇప్పిస్తానని దాని అర్థం. రాజేశం ఆ రోజే మనసులో ఓటు వేసేశాడు.

అతనికి అది సరదా సంగతి కాదు. కుడి మోకాలు ఏడాదిగా చెడింది. యార్డులో వెల్డింగ్ పని కూర్చుని చేసేదే కాబట్టి డ్యూటీకి ఇబ్బంది లేదు. సాయంత్రం క్యాంపు బస్సు దిగాక మూడో అంతస్తు ఎక్కడమే గండం. పోనీ, నొప్పి ఉంది, కింద గది ఇవ్వండని తనే అడగొచ్చు కదా అంటే, అడిగితే డాక్టర్ దగ్గరికి పంపుతారు. డాక్టర్ అన్‌ఫిట్ అని రాస్తే గది కాదు, ఇంటికి టికెట్ ఇస్తారు. అందుకని ఎవరైనా చూస్తున్నప్పుడు పళ్లు బిగబట్టి మామూలుగా ఎక్కేవాడు. ఎవరూ లేనప్పుడు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కేవాడు. ఈ సంగతి తిరుమల్‌కూ, ఇంట్లో భార్య నర్సవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. ప్రెసిడెంట్ అందరి తరఫునా అడిగితే తన మోకాలి పేరు బయటికి రాదు. అదీ అతని ఆశ.

గెలిచిన వారానికి తిరుమల్ అతన్ని వెంటబెట్టుకుని మేనేజర్ యాసిర్ సాబ్ దగ్గరికి వెళ్లాడు. యాసిర్ సాబ్ సూడాన్ మనిషి, మనసు మెత్తన. హిందీ మాత్రం సైట్లలో విన్నంతే వచ్చు. తిరుమల్ గొంతు సవరించుకుని, "సర్, బుడ్డా ఆద్మీ, సీడీ మాఫీ కరో" అన్నాడు, ముసలాయనకు మెట్లు మాఫీ చెయ్యమని.

"సీడీ మాఫీ?" యాసిర్ సాబ్ కనుబొమ్మలు ఎగరేశాడు.

"హా సర్, మాఫీ, మాఫీ!"

"ఒకే సీడీ. చాలా దూరం. మిస్కీన్..." సగం అరబ్బీలో, సగం హిందీలో గొణుక్కుంటూ ఆయన రాజేశం వంక జాలిగా చూశాడు. రాజేశం రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి, సిపాయిలా నిలబడ్డాడు. "ఇన్షా అల్లా, చేస్తాను" అన్నాడు యాసిర్ సాబ్.

బయటికి రాగానే తిరుమల్ అతని వీపు మీద చరిచాడు. "అయిపోయింది కాకా! ఇంక జర ఓపిక పట్టు."

ఓపిక రాజేశానికి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. రంజాన్ అయిపోనీ అన్నాడు తిరుమల్. సరేనన్నాడు. బక్రీద్ పోనీ అన్నాడు. అదీ పోయింది. ఎండలు తగ్గనీ అన్నాడు. ఖతార్‌లో ఎండలు తగ్గడమంటే మాటలా? ఈలోగా ప్రెసిడెంట్‌ని కలవడానికి జనం పైదాకా ఎక్కలేకపోతున్నారని తిరుమల్‌కు కింది అంతస్తులో, వాటర్ కూలర్ పక్కన ఆఫీసు కమ్ గది ఇచ్చారు. అతని ఇనప పెట్టెను కిందికి మోసినవాడు రాజేశమే. మంచి పనికే కదా అనుకున్నాడు, మోకాలు కలుక్కుమన్నా.

ఆ సంగతి ఫోన్‌లో చెబితే నర్సవ్వ వెంటనే లెక్క తేల్చింది.

"అంటే ఆయన కిందికి వోయిండు, నువ్వు మీదనే ఉన్నవు. మంచిగనే ఉన్నది మీ దుబాయ్ సర్పంచ్ పని."

"దుబాయ్ కాదే, ఖతార్. సర్పంచ్ కాదు, ప్రెసిడెంట్."

"ఏదైతేంది? మోకాలు నీదే గదయ్యా."

గదిలో మతీన్ కూడా ఊరుకునేవాడు కాదు. నిజామాబాద్‌వాడు, ఓడిన అభ్యర్థికి ఓటు వేసినవాడు. ఏసీ రిపేర్ పని, నోరు మాత్రం ఎప్పుడూ రిపేర్‌కు రాదు. "క్యా రాజేశం భాయ్, మెట్లు మాఫ్ అయినయా? పొద్దుగాల నేను ఎక్కేటప్పుడైతే అన్నీ ఆడనే ఉన్నయి!"

"కుర్సీ ఇంక వేడెక్కనే లేదు, అప్పుడే అడుగుతవేంది? జర సబర్ జెయ్యి" అనేవాడు రాజేశం. తన ఓటును తనే కాపాడుకోవాలి కదా. తిరుమల్‌ని ఎవరైనా ఒక మాట అంటే, అది తన వేలి మీద చుక్కను అన్నట్టే అనిపించేది. చుక్క చెరిగి చాలా కాలమైంది, రోషం చెరగలేదు.

ఎండలు నిజంగానే తగ్గాయి. యార్డులో ఫోర్‌మన్ ఒక డ్రాయింగ్ తెచ్చి, అర్జెంటుగా ఇనప మెట్ల వరస తయారు చేయాలన్నాడు. దుఖాన్ వైపు ఏదో సైటుకు కాబోలు అనుకుని రాజేశం మనసు పెట్టి చేశాడు. ఎవరు ఎక్కుతారో పాపం, ఎవరి మోకాలు ఎట్లా ఉంటుందో అని రెయిలింగ్ పట్టుకోవడానికి వీలుగా నున్నగా గ్రైండ్ చేశాడు. ఒక్కచోట కూడా కరుకు లేకుండా చూసుకున్నాడు. అంత మంచి పని తన చేతుల మీదుగా ఈ మధ్య జరగలేదు.

శుక్రవారం సెలవు రోజు ఉదయం, క్యాంపు ముందు ట్రైలర్ ఆగింది. దాని మీద రాజేశం మెట్లు. క్రేన్ వాటిని ఎత్తి బిల్డింగ్ తూర్పు గోడకు ఆనించింది, బోల్టులు బిగించారు. నేల నుంచి మూడో అంతస్తు దాకా, రాజేశం గది గుమ్మం పక్కనే దిగేలా అమర్చారు. ఎర్ర రిబ్బన్ కట్టారు. కుర్చీలు వేశారు. యాసిర్ సాబ్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు, ఆయన వెంట సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు.

"ముందు, సీడీ మాఫీ," అన్నాడు యాసిర్ సాబ్ మైకులో సంతోషంగా. "ఇప్పుడు, సీడీ ఫీ!"

అరబ్బీలో ఫీ అంటే ఉంది. మాఫీ అంటే లేదు. ఆ మాటలు తెలియనివాడు ఆ క్యాంపులో ఒక్కడు లేడు. పనిముట్టు మాఫీ, నీళ్లు మాఫీ, బస్సు మాఫీ అని రోజంతా అనేది వాళ్లే. కానీ తిరుమల్ నోట ఎన్నికల్లో విన్నారు కాబట్టి, అందరికీ ఎన్నికల అర్థమే తట్టింది. ముసలివాళ్లకు మెట్లు లేవని మొర పెట్టుకున్నారనుకుని ఆ మంచి మనిషి మెట్లు కట్టించాడు. మతీన్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. రాజేశానికి నవ్వు రాలేదు.

"మొదలు పెద్దమనిషి ఎక్కాలె!" అని తిరుమల్ అరిచాడు. "కాకా, రా!"

సేఫ్టీ ఆఫీసర్ చూస్తున్నాడు. రాజేశం రిబ్బన్ దాటి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. కుంటకూడదు, ఆగకూడదు. తను నున్నగా చేసిన రెయిలింగ్‌ను పట్టుకుని, ముఖం మీద నవ్వు అతికించుకుని ఎక్కాడు. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. పైకి చేరేసరికి ఒళ్లంతా చెమట, మోకాలు కొలిమిలా మండుతోంది. చివరి మెట్టు మీద చతికిలబడ్డాడు.

"కాకా, కిందికి రా! సర్‌తోని ఫోటో!" తిరుమల్ కింద నుంచి చెయ్యి ఊపాడు.

రాజేశం కిందికి చూశాడు. వాటర్ కూలర్ పక్కన ప్రెసిడెంట్ గది తలుపు తెరిచి ఉంది. ఇన్ని నెలలు తను ఎవరి మీద ఈగ వాలనీయలేదో అతను చల్లగా నిలబడి ఉన్నాడు.

"జర ఓపిక పట్టు తమ్మీ. ఫోటో గావాల్నంటే నువ్వే ఎక్కి రా" అన్నాడు.

అందరూ చూస్తుండగా తిరుమల్‌కు తప్పలేదు. ఎక్కాడు. సగంలో ఒకసారి ఆగాడు. పైకి వచ్చి రొప్పుతూ పక్కన కూలబడ్డాడు.

"మాఫీ అంటే ఆయన ఏమనుకున్నడో నీకు తెల్వదా?" రాజేశం మెల్లగా అడిగాడు.

తిరుమల్ చూపు తిప్పుకున్నాడు. "యార్డుకు డ్రాయింగ్ పోయినప్పుడే తెలిసింది కాకా. కానీ పని నడుస్తున్నది గదా. ఆపితే ప్రెసిడెంట్ ఏం జేసిండు అంటరు. మెట్లైతే కండ్లకు కనవడ్తయి."

రాజేశానికి కోపం రావాల్సింది. దానికి బదులు తల తేలికైంది. ఇక ఎవరినీ వెనకేసుకు రానక్కర్లేదు. రెయిలింగ్ పట్టుకుని లేచి, కిందివాళ్లకు వినిపించేలా గొంతు ఎత్తాడు.

"భాయీ, సునో! కొత్త మెట్లకు కొత్త ఆఫీసు! ప్రెసిడెంట్ సాబ్ ఇంక మీదనే ఉంటడట, నా మంచం మీద! నేను కిందికి వోతున్న. జనం కోసం గింత త్యాగం ఎవరు జేస్తరు?"

ఈసారి చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టింది మతీన్. ఎవరో హిందీలో చెబితే విని, యాసిర్ సాబ్ భేష్ అన్నట్టు బొటనవేలు పైకెత్తాడు. "జైన్! వల్లా జైన్!"

"కాకా, గిదేంది? నన్నొక్క మాట అడగవా?" తిరుమల్ ముఖం పాలిపోయింది. "ఇన్ని మెట్లు రోజూ నేనెట్ల ఎక్కాలె?"

"రెయిలింగ్ నున్నగ జేసిన తమ్మీ, పట్టుకో. వచ్చే ఎలక్షన్ల దాంక ఓపిక పడితే అలవాటైతది."

అని, తన ఇనప పెట్టె తెమ్మని మతీన్‌కు కేక వేసి, ఈసారి ఎవరు చూస్తున్నారో చూడకుండా రాజేశం కుంటుకుంటూ దిగడం మొదలుపెట్టాడు.