గడపను కొట్టిన చెయ్యి

అన్న చొక్కాలు ఇస్త్రీ చేయడం ఆమెకు రోజూ ఉన్న పనే. కాలర్ దగ్గర మొదలుపెట్టి చేతుల మీదుగా కిందికి వస్తే చాలు, బుర్రతో పని లేదు. ఆ శుక్రవారం పొద్దున మాత్రం ఇస్త్రీపెట్టె కాలర్ దగ్గరే ఆగిపోయింది. అది బట్టల ఫ్యాక్టరీ యూనిఫాం. అన్నని ఆ ఫ్యాక్టరీలోంచి తీసేసి నెలలు గడిచాయి. ఆమె ఇంకా అక్కడే గుండీలు కుడుతోంది.

"రేపటికి కావాలి. మడత నలగనివ్వకు," అన్నాడు అన్న చెప్పులు వేసుకుంటూ. వెళ్ళబోయి ఆగి, ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నాడు. "రేపు నువ్వు సెలవు పెట్టు చెల్లీ. ఒంట్లో బాలేదని చెప్పు."

ఇంట్లో ఆమెను అందరూ మూగి అనే పిలుస్తారు. "మా పిల్లకి నోట్లో నాలుకే లేదు," అని అమ్మ చుట్టాల దగ్గర మురిసిపోతుంది. అన్న నోట చెల్లీ అన్న మాట విని ఎంత కాలమైందో. మనసు కరగాల్సింది పోయి ఒళ్ళు చల్లబడింది.

శనివారం ఫ్యాక్టరీలో అందరికీ మీటింగు. మొన్న అన్నం తింటూ అన్న అడిగాడు, ఆ హాలుకి వెనక తలుపు తీసి ఉంచుతారా అని. సామాన్లు పోతాయని తాళం వేస్తారంది. "మంచిది," అని మజ్జిగ పోసుకున్నాడు. అతని మంచం కింద నుంచి రెండు రోజులుగా పెట్రోలు వాసన వస్తోంది.

రేపు ఏదైనా జరిగితే లోకం అనబోయే మాట ఆమెకు ఇప్పుడే వినిపించింది. మంచివాడే పాపం, ఉన్నట్టుండి పిచ్చెక్కింది అంటారు. ఉన్నట్టుండి ఏమొచ్చింది? ముందు కంచం గోడకి తగిలింది, ఆమె మెతుకులు ఊడ్చింది. తర్వాత వదిన చెయ్యి విరిగింది, బాత్రూంలో జారిపడిందని ఆసుపత్రిలో వదిన తరఫున ఆమే చెప్పింది. వదిన పుట్టింటికి వెళ్ళిపోతే, "మగాడన్నాక కోపం రాదా, ఆ మాత్రం సర్దుకోలేకపోయింది," అంది అమ్మ. తర్వాత ఉద్యోగం పోయింది. మేనేజరు అందరి ముందూ దద్దమ్మా అని తిట్టి, మెడలోని కార్డు లాక్కుని గేటు బయటికి నెట్టించాడు. అది అన్యాయమే. ఆ రోజు ఆమె కూడా ఏడ్చింది. కానీ గుండీ వంకరపోయినప్పుడల్లా అదే మేనేజరు ఆమెను అదే హాల్లో నిలబెట్టి అవే తిట్లు తిడతాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ సూది అందుకుంటుంది. ఇద్దరికీ తగిలింది ఒకే నోటి దెబ్బ. మరి ఆమెకు ఎవర్నీ తగలబెట్టాలని ఎందుకు అనిపించలేదు?

చిన్నప్పుడు అన్న వీధి గడప తట్టుకుని పడితే అమ్మ పరుగున వచ్చేది. "ఇదే కదా నా బంగారాన్ని కొట్టింది! ఇదిగో, దీన్ని కొట్టేశా చూడు," అని చేత్తో గడపను చరిచేది. "ఇంకా కొట్టు," అనేవాడు అన్న ఏడుపు ఆపి. అదే గడప మీద ఆమె పడితే, "కళ్ళెక్కడ పెట్టుకున్నావే? చూసుకుని నడవలేవూ?" అనేది. అన్నకి నొప్పి పుడితే ఇంకెవరో దెబ్బ తినాలి. ఆమెకు నొప్పి పుడితే తప్పు ఆమెదే. రెండూ అబద్ధాలే. రెండూ అమ్మ ప్రేమగానే నేర్పింది. ఇప్పుడు అన్న ఫోన్లో ముక్కూమొహం తెలియని స్నేహితులెవరో ఇంకా కొట్టు, ఇంకా కొట్టు అనడం రాత్రిళ్ళు గోడ ఇవతలికి వినిపిస్తోంది.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నా. అన్న మంచం కింద ఏముందో చెప్పడానికి."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "మతి పోయిందా నీకు? అది బండికి తెచ్చుకున్న పెట్రోలే!"

అంటే అమ్మ కూడా చూసింది.

"బండేదమ్మా? ఎప్పుడో అమ్మేశాడుగా."

అమ్మ పొయ్యి వైపు తిరిగింది. "వాణ్ణి జైల్లో పెడతారే. నీ తోడబుట్టినవాడే వాడు."

"అందుకే ఇవాళే వెళ్తున్నా. ఇవాళ్టికింకా ఎవర్నీ ఏం చెయ్యలేదు. డాక్టరుకి చూపించండి అని అడగొచ్చు. రేపైతే అడగడానికేం మిగలదు. ఆ హాల్లో నా పక్కన కూర్చునేవాళ్ళకి సెలవు పెట్టమని ఎవరూ చెప్పలేదమ్మా."

ఇంత పెద్ద మాట తన నోటి నుంచి వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు. వీధిలోకి దిగబోతే గడప తగిలి బొటనవేలి గోరు చిట్లింది. రక్తం చిమ్మింది.

"చూసుకుని నడవలేవూ..." వెనక నుంచి అలవాటుగా మొదలైన అమ్మ గొంతు మధ్యలోనే ఆగిపోయింది.

"చూసుకునే నడుస్తున్నానమ్మా," అంది మూగి.