చీమలు పట్టిన గేము పెట్టె

"ఆ పెట్టె ముట్టుకోవద్దు నాయనా. బాగుపడకపోతే ఆ నరసింహప్ప నీ మీద పడతాడు," అన్నాను.

నా కొడుకు ముత్యాలప్ప నవ్వి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. గోరంట్లలో మాది రేడియోలు బాగుచేసే అంగడి. వాడు కరెంటు వైరు పట్టుకుంటే చాలు, వదిలేదాకా నాకు ఊపిరాడదు.

ఆ పెట్టె టీవీకి తగిలించి ఆడే వీడియో గేము. నరసింహప్పకు తమ్ముడు కువైట్ నుంచి పంపాడు. బోర్లు ఎండిన ఆ ఏడాది ఆయన గొప్పగా చూపించుకోవడానికి అదొక్కటే మిగిలింది. దసరాకి ట్రాక్టరుతో పాటు దానికీ బొట్లు పెట్టి ఆయుధపూజ చేశారట. మర్నాటి నుంచి వెలగలేదట. అంతకుముందేడు నీళ్ల వంతు కోసం ఒకతని కాలు విరగ్గొట్టిన మనిషి. నా భయం ఊరికే కాదు.

మూత తీస్తే లోపలంతా చీమలు. తీపి జిగురు పట్టి సన్నటి తీగలు పచ్చగా తుప్పెక్కాయి. ముత్యాలప్ప స్పిరిటుతో కడిగాడు, తెగినచోటల్లా అతికాడు. అయినా వెలగలేదు.

సాయంత్రం నరసింహప్ప తన భార్య సుంకమ్మను, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొని వచ్చాడు. పూజనాడు టెంకాయ నీళ్లు లోపలికి దిగాయని ముత్యాలప్ప ఉన్నమాట చెప్పాడు.

"లోపలి సామాను కాజేసి, నా పూజ మీద పెడతావా?"

ముఖం మీద గుద్దితే ముక్కు పగిలి చొక్కా తడిసింది. మనుషులు వాణ్ణి బల్ల మీదికి వంచి కుడిచెయ్యి పరిచి పట్టారు. నేను అడ్డం పడితే తోసేశారు. రేడియోల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది. నరసింహప్ప మా సుత్తే తీసుకొని చిటికెనవేలు మీద కొట్టాడు. గోరు లేచి వచ్చింది. దొంగతనం ఒప్పుకో, లేకుంటే అన్ని వేళ్లూ పోతాయన్నాడు. నా బిడ్డ పళ్లు బిగించుకున్నాడే గానీ ఒప్పుకోలేదు. ఆ చెయ్యి పోతే వాడికి బతుకు లేదు.

నేను సుంకమ్మ కాళ్లు పట్టుకున్నాను. "పూజ కాడ నువ్వుంటివి కదా తల్లీ. నీళ్లు పడినాయా లేదా, చెప్పు."

ఆమె తల వంచుకుంది. చెంప మీద కమిలిన మచ్చ కనపడింది. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. చెబితే ఈమెను చంపుతాడేమో, చెప్పకపోతే నా కొడుకు చెయ్యి పోతుంది. నరసింహప్ప కూడా ఆమెకేసే చూస్తూ, సుత్తి ఎత్తి పట్టుకొని నిలబడ్డాడు. బల్ల అంచు నుంచి రక్తం బొట్లుబొట్లుగా నేల మీద పడుతోంది.

"వాని చెయ్యి ఇడువు," అంది సుంకమ్మ. "కాయ నేల మీద పగల్లేదని పెట్టె అంచుకేసి కొట్టినావు. నేను చూసినా."