మేమే వేసిన కంచె

మాతో పనిచేసే రాజ్యాన్ని వాచ్‌మన్ తోసేయడం మేమంతా కళ్లారా చూశాం. నూలు మిల్లులో రాత్రి షిఫ్టు దిగి, ఎప్పటిలాగే కానుగ చెట్ల కిందికి పోబోయింది. కంచె గేటుకు తాళం ఉంది. "ఇది ఇగ ప్రైవేటు జాగ," అన్నాడు వాడు. ఆమె తాళం పట్టుకుని గుంజితే నెట్టాడు. వెల్లకిలా పడింది.

నాచారంలో మిల్లు పని చేసిన వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మిల్లు దిగినా చెవుల్లో మోత ఆగదు. రేకుల గదిలో ఎండ, పిల్లల ఏడుపు, పక్కింటి రేడియో, పగలు నిద్రెక్కడిది? నిద్రలేక రాజ్యానికి మతి తప్పింది. ఒకనాడు కన్నబిడ్డనే గుర్తుపట్టలేదు. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి డాక్టరు మాత్రలిచ్చి, నిద్రే అసలు మందన్నాడు. ఆ నిద్ర ఆమెకు దొరికింది మేం బిందెలతో నీళ్లు మోసి పెంచిన ఆ చెట్ల నీడలోనే.

మరి కంచె ఎవరు వేశారు? మేమే. అదీ మా ఏడుపు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో యూనియన్ కార్యదర్శి గంగాధరరావు మీటింగు పెట్టాడు. "కబ్జాగాళ్లు కన్నేసిన్రు. మనమే కంచె ఏసి పార్కు జేసుకుందాం," అన్నాడు. ఆయన మాటంటే మాకు వేదం. ఆదివారాలు శ్రమదానం చేశాం. గుంతలు తవ్వాం, రాతికడీలు పాతాం, ముళ్లతీగ కట్టాం. చేతులు చీరుకుపోతున్నా పాటలు పాడుకున్నాం. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు కడతారట. అందులో గంగాధరరావుకు వాటా అట.

అప్పటికప్పుడే యూనియన్ ఆఫీసుకు పోయి నిలదీశాం.

"జర సల్లగుండున్రి," అన్నాడు గంగాధరరావు. "జాగ మిల్లుది. వాళ్లు అమ్ముకున్నరు. నేనేం జేస్త?"

"నీ వాటా సంగతేందన్నా?" సాంబయ్య అడిగాడు. మాలో పెద్దవాడు.

గంగాధరరావు మాట మార్చాడు. "ఒక పిచ్చిదాని కోసం నౌకర్లు పోగొట్టుకుంటరా?" అన్నాడు.

రాజ్యం గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎర్రగడ్డకు నన్ను తోలుకపోయింది నువ్వే గదన్నా. నిద్ర లేకుంటే నేనేమైతనో నీకెర్కే," అంది.

ఆయన మొహం తిప్పుకున్నాడు. అన్న మాట కంటే ఆ తిప్పుకున్న మొహమే నన్నెక్కువ కోసింది.

"కంచే చేను మేస్తదంటే ఇన్నం," అన్నాడు సాంబయ్య బయటికొచ్చి. "మనమైతే కంచె ఏసి మరీ మేపినం."

గడ్డపారలు మా ఇళ్లలోనే ఉన్నాయి. పాతిన చేతులకు పీకడం ఎంతసేపు? మధ్యాహ్నానికి కడీలు కూలాయి. అందరం చెట్ల కింద కూర్చున్నాం. రాజ్యం కొంగు కప్పుకుని పడుకుంది, నిద్రపోయింది. పోలీసు జీపు, వెనకే వ్యాను వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ పక్కన గంగాధరరావు.

లేచి పొమ్మన్నాడు ఇన్‌స్పెక్టర్.

మిల్లులో మాకో పద్ధతి ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి, మా మాటలో రిలీవర్, వచ్చి నిలబడేదాకా మిషన్ వదలకూడదు. ఆ క్రమశిక్షణ నేర్పింది యజమానే.

"మా రిలీవర్లు రాలే సార్," అన్నాడు సాంబయ్య.

లాఠీలు లేచాయి. రాజ్యాన్ని నిద్రలోంచే ఈడ్చి వ్యాన్ ఎక్కించారు. తర్వాత మమ్మల్ని. అప్పుడే సైరన్ కూసింది. పొద్దటి షిఫ్టు మిషన్లు ఆపేసి బయటికొచ్చింది. రెండో షిఫ్టు వాళ్లు టిఫిన్ డబ్బాలతో మిల్లు గేటు ముందే ఆగిపోయారు. లోపలికి ఒక్కరూ పోలేదు. అందరూ రోడ్డు దాటి వచ్చి, మేం లేచిన చోట కూర్చున్నారు.

వ్యాన్ కిటికీ జాలీ పట్టుకుని రాజ్యం గట్టిగా చెప్పింది. "రాత్రి షిఫ్టు మాదే. మేమొచ్చేదాక లేవకున్రి."