మూడోసారి వచ్చిన బండి

జోజయ్య జాకీ పెట్టబోయి ఆగి, ముందు నేలను అరచేత్తో తడిమాడు. కాంక్రీటు మీద ఓ గులకరాయి చేతికి తగిలింది. దాన్ని తీసి అవతల పారేసి, అప్పుడు జాకీని లోపలికి జరిపాడు. పదిహేడేళ్లు లారీ చక్రాలు విప్పిన మనిషి అలవాటది. అంత బరువు పైకి లేచేటప్పుడు అడుగున ఆవగింజంత రాయి ఉన్నా అతనికి మనసొప్పదు.

లేపాల్సింది మామూలు కారు కాదు. మంచం, పొయ్యి, సింకు, దేవుడికో చిన్న అర, అన్నీ అమర్చిన ఆరు చక్రాల ఇల్లు. ఇక్కడివాళ్లు మోటర్‌హోమ్ అంటారు. ఎడమవైపు వెనక జంటలో బయటి చక్రానికి గాలి నిలవడం లేదు. మూడు రోజులు కదలకుండా ఉంచితే చాలు, చతికిలబడుతోంది. దాని యజమాని డాక్టర్ ద్వారకానాథ్ దాన్ని ఈ టైర్ల షాపుకి తీసుకురావడం ఇది మూడోసారి.

మొదటిసారి జోజయ్య వాల్వు మార్చాడు. రెండోసారి టైరు విప్పి, అది కూర్చునే రిమ్ము అంచుల్ని నున్నగా రుద్ది, మళ్లీ బిగించాడు. రెండుసార్లూ షాపు పద్ధతి ప్రకారం సబ్బునీళ్లు చల్లి చూశాడు. ఎక్కడా బుడగ లేవలేదు. రెండుసార్లూ "అయిపోయిందండి, ఇంక బెంగ లేదండి" అని తన నోటితోనే చెప్పాడు.

ఈ ఉదయం ఆ బండి మళ్లీ గేట్లోకి వస్తుంటే షాపు యజమాని గ్లెన్ అరవలేదు. అరిచినా బాగుండేది. జోజయ్యను పక్కకు పిలిచి, ఇది ఇంకోసారి వెనక్కి వస్తే వేరే మనిషిని చూసుకుంటానని నెమ్మదిగా చెప్పి, కాఫీ కప్పుతో లోపలికి వెళ్లిపోయాడు.

భార్య మరియరాణి నర్సింగు చదువు ముగియడానికి ఇంకా పదకొండు వారాలున్నాయి. అన్నాళ్లూ జోజయ్య ఈ పనిలో ఉండి తీరాలి. అతనికి కావలసిందల్లా అదొక్కటే.

వాళ్ల కాపురంలో ఇవి చదువుల రోజులు. చదివేది ఆమె. తాడేపల్లిగూడెంలో మేనమామ యేసుపాదం నడిపే లారీ టైర్ల షాపులో జోజయ్య పెద్ద మేస్త్రీ. ఇక్కడి వీసా కాగితంలో మాత్రం అతను విద్యార్థిని మీద ఆధారపడిన భర్త. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఆ మాట చదివి మొదట కాస్త నొచ్చుకున్నాడు. తర్వాత నవ్వుకోవడం నేర్చుకున్నాడు. చర్చిలో కొత్తవాళ్లు "బ్రదర్, మీరే కోర్సు?" అని అడిగితే "మా ఆవిడ చదువుతందండి, నేను చదివిస్తన్నానండి" అంటాడు. ఊరి శివారు క్లైడ్ నార్త్‌లో ఒకరింటి వెనక గదిలో ఐదున్నరకే లేచి, అన్నం వండి రెండు డబ్బాల్లో సర్దుతాడు. ఆమె ఆసుపత్రి శిక్షణకు బస్సెక్కాక తను పనికి వస్తాడు. జీతం లేని ఆ శిక్షణ కోసం ఆమె వృద్ధుల ఆశ్రమంలో చేసే పని మానేసింది. ఇప్పుడు ఇల్లు నడుస్తున్నది ఇతని రెండు చేతుల మీద.

చక్రం ఊడి వచ్చింది. జోజయ్య సబ్బునీళ్ల సీసా అందుకున్నాడు.

"బాబూ!" అంటూ డాక్టరుగారి భార్య వసుంధర దగ్గరికొచ్చింది. చలికి శాలువా బిగించి కప్పుకుంది. "ఈసారైనా బాగవుతుందా? నిజం చెప్పు. కాన్‌బెరాలో ఉన్న మా అమ్మాయి అక్షర రోజూ ఫోన్ చేసి, డాడ్, జస్ట్ సెల్ ఇట్ అని ప్రాణం తీస్తోంది."

వెనకనుంచి ద్వారకానాథ్ అందుకున్నాడు. "లెట్ మి బి ఫ్రాంక్, జోజయ్యా. రిటైరయ్యాక మేం సరదాపడి కొనుక్కున్నది ఇదొక్కటే. కానీ దారిలో ఎక్కడైనా ఆగిపోతే ఈవిణ్ణి పెట్టుకుని నేనేం చెయ్యను? దిస్ ఈజ్ ద లాస్ట్ ట్రై."

అయిపోతుందండి అనే మాట జోజయ్య నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఇప్పటికి రెండుసార్లు అబద్ధమైంది. సీసా కింద పెట్టేశాడు.

"తెలీదండి అంకుల్‌గారండీ," అన్నాడు. "నిజం చెప్పాలంటే, చూడాల్సిన పద్ధతిలో నేనింకా చూళ్లేదండి."

"అంటే?"

"నీళ్లలో ముంచాలండి."

యేసుపాదం షాపులో ఎంత పెద్ద చక్రమైనా నీళ్ల తొట్టెలో మునగాల్సిందే. ముంచాక నీళ్లు కదలడం ఆగేదాకా షాపులో ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ నడవకూడదు. నిజం నిలకడ మీద తెలుస్తుందిరా అనేవాడు మామ. రెండేళ్ల కిందట ఇక్కడ చేరిన మొదటి వారంలోనే జోజయ్య తొట్టె ఎక్కడని అడిగాడు. గ్లెన్ కడుపు పట్టుకుని నవ్వాడు. టైరుకి స్నానం చేయిస్తావా, షాంపూ తెమ్మంటావా అన్నాడు. అందులో ద్వేషమేమీ లేదు. అయినా జోజయ్య ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత తొట్టె ఊసు ఎత్తలేదు. వచ్చిన విద్యను సిగ్గుపడి దాచుకున్నాడు. దాచుకున్నందుకు ఇప్పుడు ఈ బండి మూడోసారి వచ్చి నిలదీసింది.

షాపు వెనక పాత టైర్ల పక్కన, గొర్రెలకు నీళ్లు పెట్టే పెద్ద రేకు తొట్టె ఒకటి బోర్లా పడి ఉంది. దాన్ని దొర్లించుకొచ్చాడు. పైపుతో నింపాడు. చక్రానికి గాలి కొట్టి, డాక్టరుగారు ఓ చెయ్యి వేయగా, మెల్లగా నీళ్లలోకి దించాడు. ఇక్కడ ఆగస్టంటే నడి చలికాలం, నీళ్లు మోచేతులదాకా కొరికాయి. రిమ్ము లోపలి గుంట పైకి ఉండేలా పడుకోబెట్టి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

చప్పుడు విని గ్లెన్ బయటికొచ్చాడు. తొట్టెను చూశాడు. నోరు తెరవబోయాడు. జోజయ్య తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. యజమానిని నోరుమూసుకోమన్నానని ఆ తర్వాతే తెలిసింది. కానీ ఎత్తిన చెయ్యి దించలేదు. గ్లెన్ ఆగిపోయాడు.

నీళ్లు నిమ్మళించడానికి చాలాసేపు పట్టింది. పక్క వీధిలో లారీ పోతే మళ్లీ వణికాయి. మళ్లీ ఆగాయి. నలుగురూ తొట్టె చుట్టూ ప్రార్థనకు నిలబడ్డట్టు నిలబడ్డారు. ఏమీ రాలేదు. ఇంకా ఏమీ రాలేదు. జోజయ్యకు పదకొండు వారాలూ కళ్లముందు వరసగా కనిపించాయి.

అప్పుడు గుంట అడుగున, రిమ్ము రెండు ముక్కలు కలిపి అతికిన చోట, ఓ బుడగ పుట్టింది. ఆవగింజంత. అది పైకి రాకుండా అక్కడే అంటుకుని పెరిగింది. పెరిగి పెరిగి, ఊడి, పైకొచ్చి పగిలింది. దాని చోట ఇంకోటి పుట్టింది.

"అదిగో!" అన్నాడు జోజయ్య.

గ్లెన్ స్వెట్టరు చేతులు తడుస్తున్నా పట్టించుకోకుండా వంగి, వేలితో ఆ చోటు మూశాడు. బుడగలు ఆగాయి. వేలు తీశాడు. వచ్చాయి. చాలాసార్లు మూసి, తీసి చూశాడు.

చక్రం బయటికి తీసి, అతుకు దగ్గర జోజయ్య గోటితో గీకాడు. తుప్పు పొరలుగా రాలింది. తుప్పు కింద గట్టిపడిన పసుపు ముద్ద. దాని మీద ఎర్రగా కుంకుమ.

వసుంధర ముందుకొచ్చి చూసింది. ఆమెకు అర్థమైపోయింది. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఆమె బండికి పూజ చేస్తోంది. ఆరు చక్రాలకూ వంగలేక, కుళాయికి దగ్గరగా ఉండే ఈ ఒక్క చక్రాన్నే కడిగి, అన్నింటి తరఫునా దీనికే పసుపు పూసి బొట్టు పెట్టేది. నీళ్లు ఆ గుంటలో నిలిచేవి. పసుపు ఆ తడిని వారం పొడుగునా పట్టుకుని ఉండేది.

"నా పసుపేనా బాబూ దీన్ని తినేసింది?"

జోజయ్య గతుక్కుమన్నాడు. తను మొక్కే దేవుడు వేరు. పెద్దావిడ భక్తిని తప్పుపట్టే నోరు అతనికి లేదు. "పసుపేం చేస్తదండి ఆంటీగారండీ. రిమ్మే పాతదండి. నీళ్లు నిలబడిపోయినియ్యండి, అంతేనండి. పైగా ఆ ముద్దే ఇన్నాళ్లూ కన్నం పూడ్చి పెట్టిందండి. లేపోతే గాలి ఎప్పుడో మొత్తం పోయేదండి."

ద్వారకానాథ్ నవ్వడం మొదలెట్టాడు. "వసూ, డయాగ్నసిస్ నీ చేతిలోనే ఉంది. ఇన్నాళ్లూ టైర్లోళ్లని తిట్టాం." ఆమె ముఖం ముడుచుకుని, మరుక్షణం తనూ నవ్వేసింది. "సరేలెండి. ఇకనుంచి తలుపుకి పెడతాను. తలుపులో గాలి ఉండదుగా!"

గ్లెన్ పాత సామాను యార్డుకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి అదే కొలత రిమ్ము వచ్చింది. టైరు ఎక్కించాక జోజయ్య దాన్ని కూడా తొట్టెలో ముంచాడు. ఈసారి చెయ్యెత్తకుండానే గ్లెన్ రేడియో ఆపేసి వచ్చి నిలబడ్డాడు. అరగంట చూశారు. ఒక్క బుడగ రాలేదు.

మూడు గంటలకు బండి గేటు దాటింది. వసుంధర కిటికీలోంచి చెయ్యూపింది. ఎడమ చక్రం వీధి మలుపులో కనుమరుగయ్యేదాకా జోజయ్య చూశాడు. అది మళ్లీ రాదు. మూడోసారికి ఆ సంగతి ఒట్టేసి చెప్పగలడు. పొద్దుటినుంచి గుండెల మీదున్న బండరాయి దిగిపోయింది.

మరియరాణి ఫోన్ చేసింది. "తిన్నావా?"

"ఇప్పుడు తింటాను."

"ఇప్పుడా! ఏంటి, గొంతు అదోలా ఉంది?"

"ఏం లేదే. నువ్వు చదువుకో. నేను ఉన్నాను."

ఐదింటికి గ్లెన్ తాళాలు అతని చేతిలో పెట్టి, రేపు కలుద్దాం జో అని, రోజూలాగే కారెక్కి వెళ్లిపోయాడు. జోజయ్య పనిముట్లు తుడిచి సర్దాడు. నేల ఊడ్చాడు. చివరగా తొట్టెను ఖాళీ చేసి తిరిగి వెనక్కి దొర్లించేద్దామని దాని అంచు పట్టుకుని వంచబోయాడు.

చేతి కింద ఏవో అక్షరాలు కనిపించాయి. టైర్ల మీద గుర్తులు పెట్టే తెల్ల క్రేయాన్‌తో, గ్లెన్ వంకర చేతిరాతలో, ఇంగ్లీషులో రాసి ఉంది: పారబోయొద్దు, ఇది జో తొట్టె.

జోజయ్య చేతులు వదిలేశాడు. వంచినప్పుడు ఊగిన నీళ్లు రేకు అంచుల్ని రెండుమూడుసార్లు తాకి, తొట్టెలో మెల్లగా నిమ్మళించాయి.