రెడీమేడ్ మీసం

భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల ఎదురుగా ఉన్న చిన్న ఫ్లెక్సీ దుకాణంలో సౌందర్య పొద్దున్నుంచీ గళ్ల బొమ్మలు చేస్తుంది. కంప్యూటర్లో చిన్న చిన్న చదరపు గళ్లు పేర్చి మనుషుల్ని తయారుచేయడమే ఆమె పని. ప్రతి ఒక్కరినీ కొత్తగా పేరుస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. అందుకని కళ్లు, మీసాలు, కొప్పులు, చీరలు, టోపీలు ముందే చేసి దాచుకుంది. ఎవరడిగినా వాటినే అతికించి, రంగు మార్చి, ప్రింటు తీసి ఇస్తుంది.

ఆ బొమ్మ ఏ గోడకెక్కితే, అందులోని మనిషి సాయంత్రానికి ఆ ఇంటికి వచ్చేస్తాడు. అలిగి పుట్టింటికి పోయిన కోడళ్లు వచ్చారు. తప్పిపోయిన మేక కూడా వచ్చింది. కాలనీవాళ్లు దాన్నేమీ వింతగా చెప్పుకోలేదు. చీర రంగు బాగా పడలేదని మాత్రం తగువు పెట్టుకునేవారు.

అలాంటి సౌందర్య మొగుడే వేళకి ఇంటికి రావడం మానేశాడు. శ్యాంకు బాయిలో మొదటి షిఫ్టు. పైకొచ్చి స్నానం చేసి నేరుగా ఇల్లు చేరే మనిషి, ఈమధ్య దీపాలు పెట్టాక వస్తున్నాడు. చాయ్ ఇస్తే తాగొచ్చానంటున్నాడు.

“ఎవలు పోసిన్రు?”

“రుక్కక్క.”

“ఆమె నీకెందుకు పోస్తది?”

“ఏమో, కాళ్లు అటే పోతున్నయ్. పోయి మంచం మీద కూసుంటున్న. ఆమె పోస్తది, తాగుతున్న.”

అతను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నా సౌందర్యకు కొంత నిమ్మళంగా ఉండేది. తప్పు చేసినవాడు ఒక్క అబద్ధమైనా ఆడాలి కదా! క్వార్టర్ల వెనక గదిలో ఉండే రుక్కి ఒంటరిది. ఆమె మొగుడు రాజలింగం మహదేవపూర్ దిక్కు పనికని పోయి ఏళ్లవుతోంది, అయిపు లేదు, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. సౌందర్య శ్యాం చొక్కా వాసన చూసింది, ఫోను వెతికింది. ఏమీ దొరకలేదు, దాంతో అనుమానం ఇంకా ముదిరింది. ఇవాళ తేల్చుకోకపోతే సంసారం దక్కదనుకుని, దుకాణం మూసి రుక్కి గదికి పోయింది.

శ్యాం దర్జాగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని తలపైన గోడకు సౌందర్య చేసిన బొమ్మే ఉంది. తిట్టడానికి వచ్చిన సౌందర్య బొమ్మ దగ్గరికి పోయి చూసింది. బొమ్మలో రుక్కి పక్కన నిలబడ్డవాడికి శ్యాం కళ్లు, శ్యాం మీసం, శ్యాం టోపీ. బొమ్మ చేయించుకోవడానికి వచ్చిన రుక్కి మొగుడి ఫోటో ఒక్కటీ లేదని చెప్పినప్పుడు, బాయి టోపీ కింద మగవాళ్లంతా ఒక్కతీరే ఉంటారనుకుని, తన మొగుడికోసం చేసి దాచుకున్న ముక్కల్నే సౌందర్య అతికించి ఇచ్చింది. చొక్కా రంగు మాత్రం మార్చింది.

“అక్కా, గీ బొమ్మల మొగోడు మీ ఆయన లెక్క ఉన్నడా?”

“జర గూడ లేడు చెల్లె.”

“మరి ఆనాడే చెప్పొద్దా?”

“నువ్వు చదువుకున్నదానివి. కంప్యూటర్ల గట్లనే వస్తదేమో అనుకున్న. గిప్పుడేమో నీ మొగడు రోజూ వచ్చి కూసుంటున్నడు. పొమ్మంటె ఏమనుకుంటడో అని చాయ్ పోస్తున్న. ఈయన బుద్ధి మంచిదేనా కాదా అని నాకే పరేషానుంది!”

సౌందర్యకు సిగ్గేసింది. రుక్కిని దుకాణానికి తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకుంది. దాచిన ముక్కల్లో ఒక్కటీ ముట్టుకోలేదు.

“బావ ఎట్లుంటడో చెప్పక్కా.”

“ఎడమ చెవి కొస తెగి ఉంటది. తట్ట మోసి మోసి ఒక భుజం కిందికి ఒంగింది. నవ్వితె పెదవి ఒక్క దిక్కే లేస్తది.”

సౌందర్య ఒక్కో గడీ పెడుతూ పోయింది. తప్పు గడి పడితే రుక్కి తల అడ్డంగా ఊపేది. పెదవి దగ్గరికొచ్చేసరికి ఆమె ఏడ్చేసింది. బొమ్మ కుదిరిందని తెలిసి సౌందర్య మౌస్ వదిలేసింది.

మరునాడు పాత బొమ్మ తీసి కొత్తది గోడకు కొట్టారు. ఆ సాయంత్రం శ్యాం బాయి నుంచి నేరుగా ఇంటికొచ్చి చాయ్ అడిగాడు. సౌందర్య పోస్తుండగా, చెవి కొస తెగిన మనిషొకడు సంచి వేసుకుని, మట్టి కాళ్లతో వాకిటి ముందు నుంచి వెనక సందులోకి పోయాడు. కాసేపటికి అటునుంచి రుక్కి గొంతు లేచింది.

“ఇన్నేండ్లు ఎవతి ఇంట్ల ఉన్నవ్? చెప్పినంకనే లోపటికి రా!”