కుడివైపు అయిదు సెంటీమీటర్లు

ఇరవయ్యో ట్రే పెట్టగానే కారు ఎప్పటిలాగే ఎడమకి ఒరిగింది. లిబార్దో నడుం పట్టుకుని కాసేపు నిలబడి, మిగిలిన గుడ్ల ట్రేలు కూడా ఎడమవైపే పేర్చాడు. అరవై మూడేళ్ల మనిషి. ప్యాంటు మోకాళ్ల మీద ఎంత ఉతికినా పోని పచ్చసొన మరకలు. వెనక సీటు పీకేసిన ఆ పాత రెనో-4లో మనిసాలెస్ ఊరి కొండవీధుల కొట్లకి రోజూ గుడ్లు వేస్తాడు. మూడు చక్రాలకి వెండిరంగు మూతలున్నాయి. వెనక కుడిచక్రానిది మాత్రం పంతొమ్మిదేళ్ల కిందట పోయింది, తమ్ముడు ఎవెలియో బండిని కాలువలోకి దింపిన రోజున.

ఆ రోజు లిబార్దో టేపు పట్టుకుని కొలిచాడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎడమవైపు కన్నా కుడివైపు దాదాపు అయిదు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది.

"నా బండి నడుం విరగ్గొట్టావు కదరా!"

"ఒట్టు అన్నా, గీత కూడా పడలేదు. మూతొక్కటే పోయింది."

అన్నదమ్ముల మధ్య మాటలు అక్కడితో సరి. విరిగిన కుడివైపుకి శ్రమ ఎందుకని, ఆనాటి నుంచి బరువంతా ఎడమవైపే వేస్తున్నాడు.

ఈమధ్య ఎడమవైపు అడుగు ట్రేలో గుడ్లు పగులుతున్నాయి. మెకానిక్కులు తలోమాటా చెప్పారు. విసుగెత్తి, ఈ కార్లంటే పిచ్చి ఉన్నవాళ్లు ఫోనులో నడుపుకునే గుంపులో చేరాడు. రోజూ కాఫీ చల్లారేలోగా నాలుగు ముక్కలు చదివి, కుదుపు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ చస్తుందో నేర్చుకుంటున్నాడు. ఆదివారం కాలువ సంగతితో సహా తన గోడు రాసుకుంటే కొలతలు పెట్టమన్నారు. ఇవాళ పొద్దున్నే టేపు పెట్టి ఫోటోలు తీసి పంపాడు.

రొసాల్బా కొట్టు దగ్గర ట్రేలు దించుతుంటే జవాబులొచ్చాయి. ముందు వెటకారాలు. "పెద్దాయనా, అయితే దేశంలో ఉన్న రెనోలన్నీ కాలువలో పడ్డట్టే!" ఆ వెనకే తుంహా ఊళ్లో గ్యారేజీ నడిపే యోలిమా వాయిస్ మెసేజ్.

"నవ్వకండ్రా, తెలిస్తే అడుగుతాడా పాపం! సార్, మీ బండికేం కాలేదు. దీనికి వెనక చుట్టల స్ప్రింగులుండవు. నేల కింద అడ్డంగా రెండు ఇనుప కడ్డీలుంటాయి, మెలితిరిగి కుదుపుని మింగడానికి. రెండూ ఒకేచోట పట్టవుగా, ఒకదాని వెనక ఒకటి పెట్టారు. అందుకే కుడిచక్రం కాస్త వెనక్కుంటుంది. పుట్టుకతోనే అంతే, నాదీ అంతే. ఇంతకీ బరువెటు వేస్తారు?"

"ఎడమకి. పంతొమ్మిదేళ్లుగా," అని టైపు కొట్టాడు లిబార్దో.

"అయ్యో! అయితే ఆ ఎడమ కడ్డీని అలిసిపోయేలా చేసింది మీరే సార్."

రొసాల్బా అతని మొహం చూసి కంగారుపడింది. "ఏమైంది మామా, అలా పాలిపోయావు?"

"మా తమ్ముడు బండి విరగ్గొట్టలేదమ్మా."

"ఎప్పుడు?"

"పంతొమ్మిదేళ్ల కిందట."

"ఓరి దేవుడో! మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? వెళ్లి చెప్పు!"

"ఇంకా పదకొండు కొట్లున్నాయి," అన్నాడు లిబార్దో.

సోమవారమే మరదలు బెర్నార్దా కబురు పెట్టింది: 'బావగారూ, ఆయన ఊపిరాడక మంచం పట్టారు. మిమ్మల్నే తలుస్తున్నారు. ఓసారి రండి.' చదివి ఫోను జేబులో పడేసుకున్నాడు. తప్పు చేసినవాడే రావాలి గానీ నేనెందుకు వెళ్లాలి అనుకున్నాడు. ఇవాళ గురువారం.

కొట్టు తర్వాత కొట్టు తిరిగాడు. గుడ్లు ఎండకి పాడవుతాయని తనకి తనే చెప్పుకున్నాడు. అదేం కాదు, భయం. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి, వెళ్లి ఏమని మొదలుపెట్టాలి? 'ఒరేయ్, తప్పు నాదిరా' అని గేరు మార్చినప్పుడల్లా అని చూసుకున్నాడు. ప్రతిసారీ 'ఒరేయ్' దగ్గరే ఆగిపోయాడు. ఏడో కొట్టు దగ్గర మెట్టు మీద కూర్చుని టోపీతో విసురుకున్నాడు.

ఆఖరి కొట్టు అయ్యాక తమ్ముడికోసం ఒక ట్రే ఉంచుకున్నాడు. ఎడమకి పోబోయిన చేతిని ఆపి, దాన్ని కుడివైపు పెట్టాడు. తమ్ముడుండే ఊరు నెయిరా దాకా దారంతా గతుకులే అయినా ఒక్క గుడ్డూ పగల్లేదు.

మూడింటికి వెళ్లేసరికి ఇంటిముందు కాలిబాట మీద కుర్చీలు వేసి ఉన్నాయి. జనం నల్లకాఫీ కప్పులు పట్టుకుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. లిబార్దోకి అర్థమైంది. ట్రే చేతిలో ఉండగానే బెర్నార్దా ఎదురొచ్చింది.

"పన్నెండున్నరకి పోయారు, బావగారూ. వేడిగా బెల్లం నీళ్లు కావాలన్నారు. కాచి తెచ్చేలోపే..."

పన్నెండున్నరకి అతను ఏడో కొట్టు మెట్టు మీద ఉన్నాడు.

"వాడు విరగ్గొట్టలేదమ్మా," అన్నాడు. చెప్పాల్సినవాడికి కాక ఇంకెవరికో చెప్పడం ఎంత సిగ్గుచేటో అతనికి తెలుసు, అయినా చెప్పాడు. "అది పుట్టుకతోనే అంత. తప్పు నాది."

"బండికేం కాలేదనే ఆయనా అనేవారు," అంది బెర్నార్దా. అందులో దెప్పిపొడుపు లేదు. అలసట మాత్రమే ఉంది. ట్రే అందుకుని లోపలికెళ్లి, పాత దినపత్రికలో చుట్టిన పొట్లం తెచ్చింది.

"మర్నాడే కాలువలో దిగి వెతికారు. మీరొస్తే ఇద్దామని దాచారు. ఏటా డిసెంబర్లో తీసి తుడిచేవారు."

లిబార్దో కుర్చీలో కూలబడి, అంతమంది మధ్య వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరో అతని చేతికి కాఫీ ఇచ్చారు. చాలాసేపటికి పొట్లం విప్పాడు. చక్రం మూత, ఒక్క సొట్ట కూడా లేదు. దాని లోపల నాలుగు మడతలు పెట్టిన పాత గుడ్డపీలిక ఉంది, మెరుగుపెట్టే నూనె వాసన ఇంకా పోలేదు.